నడిమి సున్న

లెక్కలంటే నాకు చిన్నప్పటినుంచీ భయం. ఆ భయమే నన్ను తెలుగు ఎం. ఏ. దాకా నడిపించిందని మా ఆవిడ అభిప్రాయం. కాదనడానికి నా దగ్గర ఆధారాలేమీ లేవు. అటువంటివాణ్ణి, మొన్న 2025 వేసవిలో మండుటెండలో వూళ్ళు తిరిగి, ఏ ఇంజనీరింగు కాలేజీలో లెక్కలెలా చెబుతున్నారో చూసి వచ్చానంటే, నన్నెరిగినవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆడపిల్లను నాలుగేళ్ళపాటు ఒకచోట వదిలిపెట్టి రావలసినవాడు, ఆ చోటెలాంటిదో చూడకుండా ఎలా వుంటాడు?

కాలేజీని చూడడమంటే మన ఇళ్ళలో ఏమిటో మీకు తెలియనిది కాదు. బస్సు ఇంటిముందుకు వస్తుందా? హాస్టల్లో పెరుగు గట్టిగా వుంటుందా? నిరుడు ఎంతమందికి వుద్యోగాలొచ్చాయి, ఎంతెంత ప్యాకేజీలు? పెళ్ళిచూపుల్లో పిల్లవాడి జీతం అడిగినంత గట్టిగా అడుగుతాం. మొదటి ఏడాది లెక్కలెవరు చెబుతారండీ అని అడిగిన తండ్రిని నేనింతవరకూ చూడలేదు. ఒకప్పుడు నేనూ అడగలేదు. అదే ఇప్పుడు చెప్పబోయే సంగతి.

2018లో మా చెల్లెలి కొడుకు ఇంటర్ పూర్తి చేశాడు. లెక్కలు 2-ఎ పేపరులో 75కి 74. ఆ పోయిన ఒక్క మార్కు ఎక్కడ పోయిందని ఇల్లంతా వారంరోజులు వెతుక్కున్నారు. మా బావగారు నా దగ్గరకు వచ్చి, "బావగారూ, మీరు చదువు చెప్పేవారు. మీరెక్కడ అంటే అక్కడ" అన్నారు. నేను పెద్దమనిషి తరహాగా ఉత్తరీయం సర్దుకుని, పేరున్న ఒక కాలేజీకి వెళ్ళి చూసి వచ్చాను. అద్దాల మేడ. వాకిట్లో ఫౌంటెను. గోడ నిండా వుద్యోగాలొచ్చిన పిల్లల బొమ్మలు, ఒక్కొక్కరి కింద లక్షల అంకెలు. పూలకుండీలకు నీళ్ళు పోస్తున్న తోటమాలి సైతం యూనిఫారంలో వున్నాడు. ఇంకేం కావాలి? చేర్పించమన్నాను.

వాడు ఎలక్ట్రికల్‌లో చేరాడు. రెండో సెమిస్టరు లెక్కలు, పిల్లలు ఎం-2 అంటారే, అది తప్పాడు. ఏదో ఒంట్లో బాగా లేదేమో అనుకున్నాం. మళ్ళీ రాశాడు, మళ్ళీ తప్పాడు. తక్కినవన్నీ ఎలాగో గట్టెక్కాడు గాని ఆ ఒక్క పేపరు మాత్రం పెళ్ళికాని పెద్దకూతురిలా ఇంట్లోనే వుండిపోయింది. 2022లో కాలేజీలోనే వాడికి వుద్యోగపు కాగితం కూడా వచ్చింది. ఫలానా తేదీలోగా పేపర్లన్నీ పాసై వుండాలని అందులో ఒక వాక్యం వుంది. ఆ వాక్యం దగ్గర వుద్యోగం ఆగిపోయింది. 2023లో ఆ పేపరు పాసయ్యాడు. ఎలాగురా అంటే, "పాత పేపర్లలో లెక్కలన్నీ పద్యాల్లా బట్టీ పట్టేశాను మావయ్యా" అన్నాడు. ఇప్పుడు వూళ్ళో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. ఏం చేస్తాడంటే లెక్కలు చూస్తాడు!

మా చెల్లెలు నన్నొక్కమాట అనలేదు. సంక్రాంతికి వెళితే ఎప్పటిలాగే అరిసెలు పెట్టి, "ఇంకొకటి వేసుకో అన్నయ్యా" అంటుంది. అనకపోవడమే ఎక్కువగా వుంది.

అందుకని మా అమ్మాయి వంతు వచ్చేసరికి ముందుగా మా కాలేజీ లెక్కల లెక్చరరుగారిని పట్టుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఒకే స్టాఫురూములో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుంటున్నాం గాని, ఆయన్ను లెక్కల గురించి నేనడిగింది అదే మొదటిసారి. 74 వచ్చినవాడు ఎలా తప్పుతాడండీ అన్నాను.

ఆయన తాపీగా చొక్కా చేతికంటిన సుద్దపొడి దులుపుకుని చెప్పారు: "ఎంసెట్టండీ, అదే ఇప్పటి ఈఏపీసెట్టు, దాంట్లో ప్రశ్నలు 160, టైము 180 నిమిషాలు. సగం ప్రశ్నలు, అంటే 80, లెక్కలే. ప్రశ్నకు నిమిషం దాటి కొన్ని సెకన్లు. అందులో నాలుగు జవాబులు వాళ్ళే ఇస్తారు. రెండేళ్ళపాటు పొద్దున్న ఆరునుంచి రాత్రి పదిదాకా మనవాడు నేర్చుకున్నది ఆ పరుగు. లెక్కను చూడగానే దాని మొహం గుర్తుపట్టడం. ఇంజనీరింగులో ఒక్క లెక్క రెండు పేజీలు నడుస్తుంది. నాలుగు జవాబులు ఎవరూ ఇవ్వరు. మొదటి పేజీ నడుమ ఒక గుర్తు తప్పుతుంది. అక్కడ తప్పిందని చెప్పే మనిషి కావాలి. తెలివిగల పిల్లవాడికి సైతం కావాలి. మీరు చూడవలసింది ఆ మనిషి వున్నాడా లేడా అనే."

"అది ముందుగా ఎలా తెలుస్తుందండీ?"

"సిలబసు పుస్తకం తెరవండి. ప్రతి సబ్జెక్టుకీ ఎదురుగా మూడు అంకెలుంటాయి. ఎల్, టి, పి అని. మొదటిది వారానికి ఎన్ని గంటలు పాఠం చెబుతారు. మూడోది ప్రయోగశాల. నడిమిది ట్యుటోరియల్. అంటే పిల్లలు లెక్కలు చేస్తుంటే మాస్టారు పక్కన నిలబడి చూసే గంట. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో మాదిరి సిలబసు వేసింది. అందులో మొదటి లెక్కల పేపరుకు 3-1-0 అని వుంది. చాలాచోట్ల దాన్ని 3-0-0 చేసేశారు. నడిమి సున్న చూసుకోండి."

మీతో నిజం చెబుతున్నాను, నాకు తల తిరిగింది. మేనల్లుడి సిలబసు పుస్తకం తెప్పించి చూస్తే 3-0-0. అరసున్న వాడుకలోంచి పోయిందని క్లాసుల్లో ఏటేటా వాపోయే తెలుగు మాస్టర్ని నేను. మా ఇంటి పిల్లవాడి చదువులో నిండుసున్న ఒకటి కూర్చుందని ఏడేళ్ళు గమనించలేదు.

ఆయన ఇంకొక మాట కూడా చెప్పారు, దాన్ని పిల్లల తల్లిదండ్రులు చెవిని వేసుకోవాలి. కాలేజీవాళ్ళు, మా దగ్గర లెక్కల్లో నూటికి ఇంతమంది పాసయ్యారని చెబుతారు. యూనివర్సిటీకి అనుబంధంగా వున్న కాలేజీలైతే అన్నింటికీ ఒకటే సిలబసు, ఒకటే ప్రశ్నపత్రం. అక్కడ ఆ అంకెలకు కాస్త అర్థముంది. అటానమసు కాలేజీలు సిలబసూ తామే వేసుకుంటాయి, ప్రశ్నపత్రమూ తామే వేసుకుంటాయి. అలాంటి రెండు కాలేజీల శాతాలు పక్కపక్కన పెట్టి చూడడమంటే, ఒకరి వంటను ఇంకొకరి ఆకలితో కొలవడమే. శాతం అడగకండి, గత మూడేళ్ళ ప్రశ్నపత్రాలు అడగండి, అన్నారు.

మార్చిలో ఇంటర్ పరీక్షలయ్యాయి. మేలో ప్రవేశపరీక్ష. నడుమ ఏప్రిల్‌లో మూడుచోట్లకు వెళ్ళాం. నేను, మా అమ్మాయి, దుకాణంలో సెలవుపెట్టి మా మేనల్లుడు. వాడెందుకంటే, నాకు పాఠం చెప్పే తీరు తెలుస్తుంది గాని పాఠం తెలియదు. వాడు ఆ పేపరు ఎన్నోసార్లు రాసినవాడు!

మొదటి కాలేజీ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఆహ్వానశాలలో టై కట్టుకున్న అబ్బాయి చల్లటి నీళ్ళిచ్చి ఆదరంగా మాట్లాడాడు. లెక్కల క్లాసులో పదినిమిషాలు కూర్చుంటామంటే మాత్రం, "ముందు అడ్మిషన్ తీసుకోండి సార్, తర్వాత మీ అమ్మాయి నాలుగేళ్ళు కూర్చుంటుంది కదా" అన్నాడు. బయటికి వచ్చాక గేటు ఎదుట జిరాక్సు కొట్లో 'ఎం-2 ముఖ్య ప్రశ్నలు' అని పన్నెండు పేజీల పుస్తకం అమ్ముతున్నారు. కొన్నాను. అదే కొట్లో నిరుటి ప్రశ్నపత్రం కూడా దొరికింది. రెండూ మా లెక్చరరుగారికి చూపిస్తే ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి, కొన్ని టిక్కులు పెట్టి, మాట్లాడకుండా తిరిగి ఇచ్చేశారు. ఎన్ని టిక్కులో నేను లెక్కపెట్టుకున్నాను. రెండు ప్రశ్నలు తప్ప అన్నీ ఆ పన్నెండు పేజీల్లోవే.

రెండోచోట క్లాసులో కూర్చోనిచ్చారు. అరవై పైచిలుకు పిల్లలు. పాఠం అవకలన సమీకరణాలు. మాస్టారు ముప్ఫై దాటని కుర్రవాడు. అచ్చుపోసినట్టున్న దస్తూరీ. బోర్డుమీద సమీకరణం వేసి, "డి స్క్వేరు వున్నచోట ఈ అంకె వెయ్యండి" అన్నాడు. వేశాడు. కింద హారంలో సున్న వచ్చింది. "హారం సున్న అయితే దీన్ని కేస్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. అప్పుడు పైన ఎక్స్‌తో గుణించి, కింద డిఫరెన్షియేట్ చేసెయ్యండి. ఇది తప్పకుండా వస్తుంది, స్టార్ పెట్టుకోండి" అన్నాడు. అరవై తలలూ ఒక్కసారి వంగి అరవై నక్షత్రాలు పెట్టుకున్నాయి. యాభై నిమిషాల్లో ఆరు లెక్కలు. ఎవరూ ఏమీ అడగలేదు. మా మేనల్లుడు నా చెవిలో, "మాకూ అచ్చం ఇలాగే మావయ్యా. ఆరో లెక్కదాకా వచ్చేవాళ్ళం. ఆ ఎక్స్ ఎక్కణ్ణించి వస్తుందో మాత్రం తెలిసేది కాదు" అన్నాడు.

ఆ మాస్టర్ని నేను తప్పుపట్టను. వరండాలో నిలబెట్టి పలకరిస్తే ఆయనే అన్నాడు: "సార్, నాకూ విడమరిచి చెప్పాలనే వుంటుంది. సెమిస్టరుకు పదహారు వారాలు, అయిదు యూనిట్లు, నాకు అయిదు సెక్షన్లు. ఒక్కచోట ఆగితే చివరి యూనిట్ పోతుంది. మా విభాగం పేరు చూశారుగా, బేసిక్ సైన్సులు, హ్యుమానిటీసు. లెక్కలూ, ఫిజిక్సూ, కెమిస్ట్రీ, ఇంగ్లీషూ అందరం ఒకే గదిలో వుంటాం. ఇంజనీరింగు శాఖలవాళ్ళు మమ్మల్ని మొదటి ఏడాది చుట్టాలనుకుంటారు."

నిజం చెప్పొద్దూ, ఆ క్లాసులో నాకు నేనే కనిపించాను. ఏటా ఛందస్సు చెబుతాను. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణాలు, పదో అక్షరం యతి అని బోర్డుమీద వేసి, గురులఘువులు గుర్తించి గణవిభజన చెయ్యండి అంటాను. చేస్తారు, నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటారు. గణాలు ఎనిమిదే ఎందుకున్నాయిరా అని ఎప్పుడైనా అడిగానా? మూడక్షరాలు, ఒక్కొక్కటి గురువైనా కావచ్చు లఘువైనా కావచ్చు, రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. తొమ్మిదోది పుట్టడానికి దారి లేదు. ఈ సంగతి చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. చెప్పలేదు. గణాలు విడగొట్టగలిగి, పద్యం చదివితే నడక వినపడని పిల్లల్ని ఎంతమందిని తయారుచేశానో!

మూడో కాలేజీ పాతది. గోడల రంగు వెలిసిపోయింది. ఫౌంటెను లేదు సరికదా, మేము వెళ్ళిన పూట కుళాయిలో నీళ్ళు లేవు. సిలబసు పుస్తకంలో మాత్రం 3-1-0 వుంది. పుస్తకంలో వుండడం వేరు, గదిలో వుండడం వేరు కదా! ఆ గంట ఎప్పుడో కనుక్కుని వెళ్ళాం. సెక్షన్‌ను రెండుగా చీల్చి ముప్ఫైమందిని కూర్చోబెట్టారు. టీచరుగారు యాభై దాటినావిడ. ఆవిడ బోర్డు దగ్గర లేరు. వెనక బెంచీ దగ్గర నిలబడి వున్నారు. బోర్డు దగ్గర ఒక కుర్రవాడు లెక్క చేస్తున్నాడు. చిత్రమేమిటంటే ఇంచుమించు అదే లెక్క. నాలుగో వరుసకు వచ్చేసరికి వాడికీ హారంలో సున్న వచ్చింది. చేతిలో సుద్ద ఆగిపోయింది.

"సున్న వచ్చింది. ఆగిపోయావు. మంచిది. ఎందుకాగింది?" అన్నారావిడ.

కుర్రవాడు మాట్లాడలేదు. ఎవరో వెనకనుంచి ఎక్స్ పెట్టమని అందించారు. "ఎవరూ అందించొద్దు" అని, ఆవిడ ఆడపిల్లల వైపు తిరిగి, "అట్లతద్దికి వుయ్యాల వూపారా మీలో ఎవరైనా?" అన్నారు. నలుగురైదుగురు చేతులెత్తారు. "ఎప్పుడు తోస్తారు?"

"వెనక్కి వచ్చి మళ్ళీ ముందుకు కదలబోతున్నప్పుడు మేడం."

"వుయ్యాలకు తన లయ ఒకటుంది. మీరు తోసే లయా దాని లయా ఒకటే అయితే?"

"ఎత్తు పెరుగుతూ పోతుంది."

"బాబూ, నువ్వు అనుకున్న జవాబులో ఏమున్నాయి? సైను, కొసైను. అవి ఎంతసేపూ ఒకే ఎత్తులో వూగుతాయి. మరి పెరుగుతూ పోయేదేదీ?"

ఆ గదిలో ఓ నిమిషం చప్పుడు లేదు. నిమిషమంటే ఎంతసేపో క్లాసు చెప్పేవాళ్ళకు తెలుసు. ఆ కుర్రవాడు తన వరుసలన్నీ పైనుంచి కిందికి చూసుకుని, సైను ముందు కాస్త ఖాళీ చేసి, కాలాన్ని సూచించే టి అనే అక్షరం పెట్టాడు. పెట్టి, వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ సరే అనలేదు. "తీసుకెళ్ళి సమీకరణంలో వేసి చూడు" అన్నారు. వేశాడు. సరిపోయింది. వాడి మొహం చూడాలి మీరు!

ఆ తర్వాత ఆవిడ చెప్పింది కొద్దే. 1831లో ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర బ్రాటన్ అనే చోట వేలాడే వంతెనమీద సిపాయిలు అడుగులో అడుగు కలిపి నడుస్తుంటే వంతెన వూగి వూగి కూలిందట. అప్పటినుంచీ వంతెనలమీద అడుగు కలపవద్దని వాళ్ళ సైన్యంలో ఆజ్ఞ పెట్టారట. రేడియోలో మనం స్టేషను పట్టుకునేది కూడా ఈ సూత్రంతోనే. వచ్చే తరంగాల్లో ఏ లయ మన రేడియో లయతో కలిస్తే అది పెద్దదవుతుంది. "అయితే నిజం వుయ్యాల ఆకాశానికి ఎక్కిపోదేం?" అని ఒక పిల్ల అడిగింది. "రాపిడి వుంటుంది కాబట్టి. అది వచ్చే వారం. నువ్వే మొదలు పెడుదువుగాని" అన్నారు.

గంటలో జరిగినవి రెండు లెక్కలు. పక్కచోట ఆరు.

మాకు తెలుగులో పావులూరి మల్లన అని 11వ శతాబ్దపు కవి వున్నాడు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పద్యాల్లో తెనిగించాడు. మూలకర్త జైనుడు, ఆయన ఉదాహరణలు జైనమైనవి. మల్లన వాటిని తీసేసి శైవమైనవి పెట్టాడు. ఇదంతా మేము సాహిత్య చరిత్రలో రెండు మార్కుల ప్రశ్నగా చదువుకున్నాం, పిల్లలకు రెండు మార్కుల ప్రశ్నగానే చెబుతాం. మతాభిమానం వల్ల మార్చాడని రాస్తే రెండూ వేస్తాను. ఆ రోజు వుయ్యాల లెక్క విన్నాక, తన ఎదుట కూర్చున్నవాళ్ళు చూసిన వస్తువులతో లెక్క చెప్పాలనుకున్న మాస్టారు కూడా అందులో వున్నాడేమోననిపించింది.

గంట కొట్టారు. పిల్లలు వెళ్ళిపోతున్నారు. మా మేనల్లుడు మాత్రం చివరి బెంచీలో కూర్చుని లేవలేదు. నేను పిలవబోతే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. కాసేపటికి వాడే లేచి ఆవిడ దగ్గరకు వెళ్ళాడు. ఇరవై అయిదేళ్ళవాడు, మొదటి సంవత్సరం పిల్లవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేడం, నేను ఎలక్ట్రికల్ చదివాను. ఈ పేపరు అయిదుసార్లు రాశాను. ఆ ఎక్స్ ఎందుకో ఇవాళ తెలిసింది" అన్నాడు. ఆవిడ వాణ్ణి ఎగాదిగా చూసి, "ఏం నాయనా, ఎల్‌సి సర్క్యూట్ చదివి వుంటావుగా. దాంట్లోనూ ఇదే సమీకరణం. గుర్తుపట్టావా?" అన్నారు. వాడు తలవంచుకుని, "అది వేరే సబ్జెక్టు అనుకున్నాను మేడం" అన్నాడు.

నాకు ఆ మాట ఇప్పటికీ చెవిలో వుంది.

తర్వాత ఆవిడ తన గదిలో దిద్దిన పేపర్లు చూపించారు. తప్పు జరిగిన వరుస దగ్గర ఎర్రసిరాతో చిన్న గీత. అక్కడినుంచి పద్ధతి సరిగా వుంటే దానికి మార్కులు. మూడేళ్ళ ప్రశ్నపత్రాలు చేతిలో పెట్టారు. శాతమెంతండీ అని వుండబట్టలేక అడిగేశాను. చెప్పారు. మొదటి కాలేజీ గోడమీద రాసుకున్నదానికంటే బాగా తక్కువ. "దీనికి మమ్మల్ని మేనేజిమెంటువాళ్ళు ఏటా పిలిచి అడుగుతారు" అని నవ్వారు. పక్కగదిలోని సిగ్నల్సు ప్రొఫెసరుగారు రెండో ఏడాదిలో ఏ పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో వచ్చి చెబుతారనీ, ఆ సంగతి చూసుకుని మరుసటి ఏడు పాఠం మార్చుకుంటాననీ కూడా అన్నారు. వాళ్ళ గదుల నడుమ తలుపు తెరిచే వుంది.

మా అమ్మాయికి వచ్చిన ర్యాంకు గొప్పదేమీ కాదు, తీసిపారేయదగ్గదీ కాదు. వరంగల్లు ఎన్.ఐ.టి., హైదరాబాదు, తిరుపతి ఐ.ఐ.టి.ల మాట మాకు లేదు. అక్కడ సీటు వచ్చే పిల్లల తల్లిదండ్రులు కూడా ట్యుటోరియల్ సంగతి అడిగితే నష్టం లేదనుకోండి. పెద్ద సంస్థల్లో వందలమందిని ఒకే హాల్లో కూర్చోబెట్టి పాఠం చెప్పడం కద్దు. ఆ తర్వాత చిన్న చిన్న జట్లుగా విడగొట్టి లెక్కలు చేయించడంలోనే వుంది కిటుకంతా. ఆ సంగతి వదిలేయండి. జూలైలో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు వచ్చింది. పాత ర్యాంకులన్నీ ముందేసుకు చూస్తే తేలిందేమంటే, మొదటి కాలేజీలో కంప్యూటర్ సైన్సు వస్తుంది. మూడోచోట ఎలక్ట్రానిక్సే గాని కంప్యూటర్సు రాదు.

ఇక మా ఇల్లు కురుక్షేత్రమే. మా బావమరిది హైదరాబాదునుంచి ఫోనుచేసి, "బావా, నీకు మతిపోయిందా? కంప్యూటర్సు వదులుకుని గోడలకు సున్నం లేని కాలేజీలో చేరుస్తావా? లెక్కలదేముంది, యూట్యూబులో దొరకనిది లేదు" అన్నాడు. ఆ మాటా నిజమే. అమెరికాలో ఎం.ఐ.టి.లో 1962నుంచి 2023 దాకా లెక్కలు చెప్పిన గిల్బర్ట్ స్ట్రాంగు అనే ఆయన పాఠాలు కానీ ఖర్చు లేకుండా మా వంటింట్లో కూర్చుని చూడవచ్చు. మన ఐ.ఐ.టి.ల ప్రొఫెసర్ల పాఠాలు ఎన్.పి.టి.ఇ.ఎల్. పేరుతో వున్నాయి. ఆ సమయానికి మా మేనల్లుడు అక్కడే వున్నాడు. ఫోను స్పీకరులో వుంది. "అవన్నీ నేను చూశానండీ. చాలా బాగుంటాయి. కాని ఆయన నా నోటుబుక్కు చూడడు కదండీ" అన్నాడు. అవతల మా బావమరిది కాసేపు మాట్లాడలేదు. తర్వాత సిగ్నలు లేదని పెట్టేశాడు.

మా ఆవిడ బాధ వేరు. మొదటి కాలేజీ అయితే రోజూ ఇంటికి వస్తుంది. మూడోది నాలుగు గంటల ప్రయాణం, హాస్టలు. "పిల్ల ఏం తింటుందో చూసేవాళ్ళుండొద్దూ?" అంది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. 2018లో నోరు తెరిచిన ఫలం చాలు. "నువ్వే పెట్టుకో అమ్మా" అని కంప్యూటరు మా అమ్మాయి చేతికిచ్చాను. అది చాలాసేపు తెరవైపు చూస్తూ కూర్చుని, "బావా, ఒకసారి ఇలారా" అని మా మేనల్లుణ్ణి పిలిచింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. మూడో కాలేజీ ఎలక్ట్రానిక్సు మొదట పెట్టింది. మొదటి కాలేజీ కంప్యూటర్సు నాలుగో వరుసలో పెట్టింది.

చేరి రెండున్నర నెలలైంది. మొదటి మిడ్‌లో లెక్కలు 30కి 17 వచ్చాయి. మా వీధిలోనే వుండే దాని స్నేహితురాలు ఆ అద్దాలమేడ కాలేజీలో చేరింది. ఆ పిల్లకు 29 వచ్చాయి. ఈ సంగతి వాళ్ళమ్మ మా ఆవిడకు గుళ్ళో చెప్పింది. మా ఆవిడ ఇంటికి వచ్చి చెంబు కాస్త గట్టిగా పెట్టింది. ఆ రెండు మార్కులూ పక్కన పెట్టి చూడకూడదని మా లెక్చరరుగారు చెప్పిన ముక్క నాకు గుర్తే గాని, చెప్పే ధైర్యం చాలలేదు.

ఆ రాత్రి అమ్మాయి ఫోను చేసింది.

"నాన్నా, ఇవాళ ట్యుటోరియల్లో నన్ను బోర్డు దగ్గరకు పిలిచారు."

"చేశావా?"

"తప్పు చేశాను. రెండో వరుసలోనే."

"ఆవిడ ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. నేనే పట్టుకోవాలన్నారు. అందరూ చూస్తున్నారు నాన్నా, పది నిమిషాలు పట్టింది."

"దొరికిందా?"

"దొరికింది. అమ్మకివ్వు ఫోను. ఇక్కడ పెరుగు మరీ నీళ్ళగా వుంటోంది."